రీఫ్ ట్యాంక్‌లో పేరు తెలియని రాతి పగడాలు: ఎలా గుర్తుపట్టాలి, ఎలా పెంచాలి?

మీ ప్రశ్న మిగతావాళ్ళకీ తెలిసేలా క్లుప్తంగా చెబుతాను. న్యూజెర్సీలో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), పెట్టి ఏడాది దాటింది. ఊరు మారుతూ ట్యాంక్ ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర ఎనిమిది రాతి పగడాల ఫ్రాగ్స్ (పెద్ద పగడం నుంచి కోసిన ముక్కలు) తెచ్చుకున్నారు. ఒక్కదానికీ పేరు లేదు. కొమ్మలుగా ఉన్నది గోధుమ రంగుకి తిరిగింది. పళ్ళెంలా పరుచుకునేది నెలల తరబడి అంతే ఉంది. పొడుగాటి టెంటకిల్స్ (మెత్తటి వేళ్ళలాంటివి) ఉన్నదానికి ఒకవైపు కండ పోయి తెల్లటి రాయి బయటపడింది. ఆదివారం 9.2 డీకేహెచ్ ఉన్న ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బొనేట్ బలం, దాని కొలత డీకేహెచ్) వచ్చే ఆదివారానికి 6.4కి పడిపోతోంది, అప్పుడు ఒకేసారి పెంచేస్తున్నారు. కాల్షియం మాత్రం 420 దగ్గరే ఉంది కాబట్టి నీళ్ళలో తేడా లేదనుకుంటున్నారు. ఫోటోలు చూసి జాతుల పేర్లు, పెంచే పద్ధతి చెప్పమన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఫోటోల నుంచి జీనస్ (ప్రజాతి) చెప్పగలను, స్పీసీస్ (జాతి) చెప్పలేను. ఇంట్లో పెంచడానికి జీనస్ తెలిస్తే చాలు. కొమ్మలది అక్రోపోరా. పళ్ళెంలాంటిది మాంటిపోరా. సన్నటి ముళ్ళ పొదలా ఉన్నది సీరియాటోపోరా, షాపుల్లో బర్డ్స్‌నెస్ట్ అంటారు. కండ పోతున్నది హ్యామర్. దాని పక్కన కిరీటాల్లాంటి గూళ్ళు ఉన్నది గెలాక్సియా, మీ హ్యామర్‌ని కుడుతున్నది అదే. పచ్చగా గుండ్రంగా ఉన్న రెండింట్లో ఒకటి ఫేవైటిస్, రెండోది డిప్సాస్ట్రియా. పువ్వుల గుత్తిలా ఉన్నది గోనియోపోరా కావచ్చు, ఆల్వియోపోరా కావచ్చు. అది తేల్చే పద్ధతి కింద రాస్తాను. ఎదుగుదల ఆగిపోవడానికి కారణం మీరు రాసిన ఆ 9.2, 6.4 అంకెల్లోనే ఉంది. కాల్షియం కదలకపోవడం మంచి గుర్తేమీ కాదు.

గుర్తుపట్టడం

రంగుని పక్కన పెట్టేయండి. అదే పగడం ఒక ట్యాంక్‌లో ఊదాగా, ఇంకో ట్యాంక్‌లో ఆకుపచ్చగా, లైట్ చాలకపోతే గోధుమగా ఉంటుంది. పైగా మీ ఫోటోలన్నీ నీలం లైట్ కింద తీసినవి. ఆ లైట్‌లో మెరుపు కనబడుతుంది గానీ రాతి కట్టడం కనబడదు. చూడాల్సింది గూడు. ఒక్కో పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) కూర్చునే రాతి గూడుని కోరలైట్ అంటారు. దాని గోడ నుంచి మధ్యకి సాగే పలచటి రాతి రేకులు సెప్టా. గూడు ఎంత పెద్దది, గోడ దేనికి అదా ఉమ్మడా, గూటికీ గూటికీ మధ్య ఏముంది అన్న మూడు ప్రశ్నలకి సమాధానం దొరికితే చాలావరకు జీనస్ తేలిపోతుంది. పంపులు ఆపి, తెల్ల లైట్ పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి దగ్గరగా ఫోటో తీయండి. పదింతలు చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, చాలా ఏళ్ళు పనికొస్తుంది.

అక్రోపోరా విషయంలో కొమ్మ చివర చూడండి. కొన మీద, సరిగ్గా మధ్యలో, చిన్న గొట్టంలాంటి గూడు ఒకటి విడిగా ఉంటుంది. అది యాక్సియల్ కోరలైట్. కొమ్మ పొడవు పెరిగేది దానివల్లే, పక్కలనున్న చిన్న గూళ్ళు దాని నుంచి పుట్టుకొచ్చినవే. మీ మూడో ఫోటోలో ఎడమ కొమ్మ కొసన అది గోధుమ మరకలోంచి కూడా స్పష్టంగా కనిపిస్తోంది. కొమ్మలున్నంత మాత్రాన అక్రోపోరా అనుకోకూడదు. మాంటిపోరా డిజిటాటాకీ వేళ్ళలాంటి కొమ్మలు ఉంటాయి, కానీ కొన మీద ఆ గొట్టం ఉండదు. మాంటిపోరా గూళ్ళు గుండుసూదితో పొడిచినంత చిన్నవి. వాటి మధ్య జాగాలో బొడిపెలో గట్లో ఉంటాయి, కొన్ని రకాల్లో నున్నగా కూడా ఉంటుంది.

సీరియాటోపోరాకి గూళ్ళు కొమ్మ వెంట వరసగా బారులు తీరి ఉంటాయి, కొసలు సూదిగా ఉంటాయి. దాని చుట్టాలు ఇంకో రెండున్నాయి. పోసిల్లోపోరాకి ఒళ్ళంతా పులిపిర్లు, ఆ పులిపిర్ల మీదా గూళ్ళు. స్టైలోఫోరాకి ప్రతి గూటి పైన చూరులా చిన్న రాతి కప్పు ముందుకి పొడుచుకుని ఉంటుంది. భూతద్దంతో ఒకసారి ఆ చూరు చూశాక ఇక మర్చిపోరు.

గుండ్రటి ఆకుపచ్చ పగడాల దగ్గర చాలామంది తడబడతారు. రెండు గూళ్ళు కలిసే చోట వేలిగోరంత జాగాని పట్టి చూడండి. రెండింటికీ కలిపి ఒకటే గోడ ఉంటే ఫేవైటిస్. దేని గోడ దానికుండి మధ్యలో సన్నటి కాలువ కనిపిస్తే డిప్సాస్ట్రియా. షాపుల్లో ఈ రెండోదాన్ని ఇప్పటికీ ఫేవియా అనే అమ్ముతారు. 2012లో జరిగిన సవరణ తర్వాత ఫేవియా పేరు అట్లాంటిక్ వైపు పగడాలకే మిగిలింది, హిందూ పసిఫిక్ మహాసముద్రాలవి డిప్సాస్ట్రియాలోకి వెళ్ళాయి. పేరు మారినా రెండింటి పోషణా ఒకటే, దాని గురించి టెన్షన్ పడొద్దు.

హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్‌లకి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇక్కడ రాయి చూసి లాభం లేదు, టెంటకిల్ చివర చూడాలి. సుత్తిలానో లంగరులానో ఉంటే హ్యామర్. ఒకే టెంటకిల్ కొమ్మలు వేసి ఒక్కో కొమ్మకి బుడిపె ఉంటే ఫ్రాగ్‌స్పాన్. పొడుగ్గా, చీలకుండా, చివర ఒకే గుండ్రటి బుడిపె ఉంటే టార్చ్. పాత పుస్తకాల్లో ఇవన్నీ యూఫిల్లియానే. 2017లో హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ రకాల్ని ఫింబ్రియాఫిల్లియాగా విడదీశారు, టార్చ్ యూఫిల్లియాలోనే ఉండిపోయింది. మీకు ఇంతకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. మీ హ్యామర్ విడివిడి కాడల మీద తలలున్న రకమా, గోడలా ఒకే సాగు ఉన్న రకమా? కాడల రకమైతే ఒక తల పోయినా మిగతావి బతుకుతాయి. గోడ రకంలో కండ అంతా ఒకటే కాబట్టి ఒక మూల మొదలైన కుళ్ళు మొత్తం పాకుతుంది. మీ ఫోటోలో కింద రెండు కాడలు కనిపిస్తున్నాయి, అది మంచి సంగతి.

పువ్వుల గుత్తి సంగతి తేల్చడానికి కెమెరా కూడా అక్కర్లేదు. ఒక పాలిప్ పూర్తిగా విచ్చుకున్నప్పుడు టెంటకిల్స్ లెక్కపెట్టండి. 24 ఉంటే గోనియోపోరా, 12 ఉంటే ఆల్వియోపోరా.

రాయి ఉన్న ప్రతిదీ రాతి పగడం కాదన్న విషయం కూడా గుర్తుంచుకోండి. ఎర్రటి గొట్టాల ట్యూబిపోరా, లోపల నీలం రాయి ఉండే హీలియోపోరా ఎనిమిది టెంటకిల్స్ కుటుంబానివి. ఫైర్ కోరల్ అనే మిల్లెపోరా అసలు హైడ్రాల వైపు చుట్టం. అది చేతికి తగిలితే మంట పుడుతుంది.

స్పీసీస్ ఎందుకు చెప్పలేనంటే

రాతి పగడం తానున్న చోటుని బట్టి ఆకారం మార్చుకుంటుంది. నా దగ్గర ఒకే స్టైలోఫోరా నుంచి కోసిన రెండు ముక్కలు రెండు ట్యాంకుల్లో పెరిగాయి. పంపు హోరు నేరుగా తగిలే చోట ఉన్నది బొటనవేలంత లావు కొమ్మలతో గుబురుగా బిగుసుకుంది. నీళ్ళు నెమ్మదిగా కదిలే చోట ఉన్నది పెన్సిల్ సైజు కొమ్మలతో విరబోసుకుంది. పక్కపక్కన పెడితే చూసినవాళ్ళెవరూ ఒకే తల్లి ముక్కలని అనలేదు. సముద్రంలోనూ ఇంతే. గ్రేట్ బారియర్ రీఫ్‌లో దశాబ్దాల పాటు అక్రోపోరా టెనూయిస్ అని పిలుస్తూ వచ్చినదాన్ని జన్యువుల్ని, పాత మూల నమూనాల్ని పోల్చి చూసి 2023లో అక్రోపోరా కెంటిగా తేల్చారు. ప్రయోగశాలలో కూర్చున్న నిపుణులకే అంత పని పట్టింది. నీలం లైట్‌లో తీసిన ఫోన్ ఫోటో చూసి ఎవరైనా స్పీసీస్ పేరు చెబితే దాన్ని ఊహగా తీసుకోండి, అంతకంటే విలువ ఇవ్వొద్దు.

అమ్మకం పేర్లదీ అదే కథ. రంగు పేరో పండు పేరో తగిలించి రేటు పదింతలు చేస్తారు. ఆ పేరు ఏ తల్లి ముక్క నుంచి వచ్చిందో చెప్పడానికి పనికొస్తుంది, అంతే. ఆ లెక్కన మీకు పేర్లు లేకుండా దొరకడం వల్ల నష్టమేమీ లేదు. పాత యజమానిని రెండు విషయాలు అడిగి రాసి పెట్టుకోండి: ట్యాంక్‌లో ఏది ఎంత ఎత్తులో ఉండేది, ఆయన ఆల్కలినిటీ ఎంత దగ్గర నిలిపేవారు. ఆ రెండూ లాటిన్ పేర్ల కంటే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఎదుగుదల: కాల్షియం కంటే ముందు ఆల్కలినిటీ

మీ ట్యాంక్‌లో అసలు సమస్య ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. రాతి పగడం కట్టుకునే అస్థిపంజరం అరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని కట్టేటప్పుడు నీళ్ళలోంచి కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ ఒక స్థిరమైన నిష్పత్తిలో తీసుకుంటుంది. 2.8 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం 20 పీపీఎం (పది లక్షలకి 20 వంతులు) ఖర్చవుతుంది. ఇప్పుడు మీ అంకెలు చూడండి. 9.2 నుంచి 6.4కి పడిందంటే వారంలో 2.8 పోయింది, అంటే ఆల్కలినిటీలో దాదాపు మూడో వంతు. అదే వారంలో కాల్షియం 420 నుంచి 400కి దిగాలి. ఇంట్లో వాడే టెస్ట్ కిట్‌కి ఆ 20 తేడా సరిగ్గా దొరకదు, రంగు మారే చుక్క దగ్గర ఒక చుక్క అటూ ఇటూ అయితే సరిపోతుంది. అందుకే మీకు కాల్షియం నిలకడగా ఉన్నట్టు కనిపిస్తోంది. రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ. కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకోసారి చూస్తే చాలు.

చిన్న ఫ్రాగ్స్ ఎనిమిదికి ఇంత ఖర్చా అనిపించొచ్చు. మీ రాళ్ళ మీద, వెనక అద్దం మీద ఊదా రంగు కోరలైన్ ఆల్గే దట్టంగా పట్టి ఉంది. అదీ అదే సరుకు తింటుంది.

సముద్రంలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్, కాల్షియం 410–420 పీపీఎం, మెగ్నీషియం 1300 దగ్గర ఉంటాయి. నేను ట్యాంక్‌ని 8 నుంచి 8.5 మధ్య, కాల్షియం 420–440, మెగ్నీషియం 1300–1350, ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), వేడి 25–26 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతాను. 7.5 దగ్గర ఉంచి అద్భుతంగా పెంచేవాళ్ళున్నారు, 9 దగ్గర పెంచేవాళ్ళూ ఉన్నారు. ఏ అంకె దగ్గర ఉంచినా అక్కడే నిలబడాలి. ఆరు రోజులు జారుతూ వచ్చి ఏడో రోజు ఒక్కసారిగా మూడు డీకేహెచ్ ఎగరడం అక్రోపోరా తట్టుకోలేదు. కొసలు కాలినట్టవుతాయి, పాలిప్స్ లోపలికి ముడుచుకుంటాయి, మాంటిపోరా అంచు పెరగడం మానేస్తుంది. పెంచాల్సి వచ్చినా రోజుకి ఒక డీకేహెచ్ మించి పెంచొద్దు, వీలైతే సగమే పెంచండి.

మీకు రోజుకి 0.4 డీకేహెచ్ పోతోంది. రాళ్ళు, ఇసుక తీసేసి సంప్ (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలుపుకుంటే మీ నీళ్ళు 250 లీటర్లు అనుకుందాం. ఒక లీటరు నీళ్ళలో ఒక డీకేహెచ్ పెంచడానికి 30 మిల్లీగ్రాముల బేకింగ్ సోడా కావాలి. ఆ లెక్కన మీకు రోజుకి దాదాపు 3 గ్రాములు. దానికి జోడీగా కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ రెండున్నర గ్రాముల పైచిలుకు. రెండూ విడివిడి డబ్బాల్లో ఆర్‌ఓ–డీఐ నీళ్ళతో (ఖనిజాలన్నీ వడగట్టి తీసేసినవి) కలిపి, విడివిడిగా, కొన్ని గంటల ఎడంతో వేయాలి. ఒకే చోట కలిస్తే తెల్లగా విరిగి రాయి అయిపోతుంది. డోసింగ్ పంపు పెట్టుకుంటే రోజుకి పన్నెండు విడతలుగా అదే వేసుకుంటుంది.

ఇంకో మార్గం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సున్నపు తేట. హాబీలో కాల్క్‌వాసర్ అంటారు. శుభ్రమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ని ఆర్‌ఓ–డీఐ నీళ్ళలో కలిపి మూత పెట్టి, మడ్డి కిందికి దిగాక పైన తేరుకున్న తేట మాత్రమే బొట్టుబొట్టుగా పడనివ్వాలి. ఇందులో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ పగడానికి కావలసిన నిష్పత్తిలోనే ఉంటాయి. అమెరికాలో పచ్చళ్ళకి వాడే పిక్లింగ్ లైమ్ స్వచ్ఛమైనదైతే పనికొస్తుంది. తాంబూలం సున్నం, వెల్లవేసే సున్నం వద్దు, వాటిలో ఇంకేం కలిసి ఉంటాయో తెలియదు. మూత లేకుండా వదిలేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన పొర కడుతుంది, తేటలో బలం కొంత ఆ పొరగా పోతుంది. పూర్తి గాఢత ఉన్న తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే ట్యాంక్ మొత్తం పోతుంది. మీ ట్యాంక్‌కి రోజుకి లీటరు లోపు తేట సరిపోతుంది. అది కూడా రాత్రిపూట, ట్యాంక్ పీహెచ్ తగ్గి ఉండే సమయంలో పడేలా చూసుకోండి. ఆవిరైన నీళ్ళ స్థానంలో మొత్తం తేటే నింపేయాలని చూడొద్దు. మూడు లీటర్లు ఆవిరవుతోంది కదా అని మూడు లీటర్లూ తేట పోస్తే మీ ఖర్చుకి మూడింతలు పైగా ఆల్కలినిటీ చేరుతుంది.

నీళ్ళు పట్టేటప్పుడు టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల్ని కొలిచేది) సున్నా చూపించాలి. కుళాయి నీళ్ళలోని క్లోరమైన్‌ని మామూలు కార్బన్ సరిగా పట్టదు, మీ మున్సిపాలిటీ క్లోరమైన్ వాడుతుంటే దానికి తగిన కార్బన్ బ్లాక్ వేయించుకోండి.

గోధుమ రంగు, తెల్లబడటం, కండ పోవడం వేరువేరు

ఈ మూడింటినీ కలిపేసి అడుగుతుంటారు. పగడం కండలో జూజాంథెల్లే అనే ఆల్గే ఉంటుంది, దానికి కావలసిన తిండిలో ఎక్కువ భాగం అదే తయారు చేస్తుంది. లైట్ తక్కువైనా, నైట్రేట్ ఫాస్ఫేట్ బాగా ఎక్కువైనా ఆ ఆల్గే పెరిగిపోయి పగడం సొంత రంగుని కమ్మేస్తుంది, గోధుమగా కనిపిస్తుంది. పగడం బతికే ఉంది, పాలిప్స్ విచ్చుకుంటాయి, తొందరేమీ లేదు. మీ అక్రోపోరా ఇదే స్థితిలో ఉంది. బ్లీచింగ్ దీనికి ఉల్టా. వేడికో ఎక్కువ లైట్‌కో ఆల్గే వెళ్ళిపోయి కండ గాజులా పలచబడి తెల్లరాయి కనిపిస్తుంది, కానీ కండ ఉంటుంది. మూడోది కండే ఊడిపోవడం. అడుగు నుంచి మెల్లగా పైకి పోతే నెమ్మదిగా, కొన్ని గంటల్లో మొత్తం ఊడిపోతే వేగంగా జరిగే నెక్రోసిస్ (కండ చచ్చిపోవడం) అంటారు. వేగంగా పోతుంటే ఆలోచించకుండా, బాగున్న కొసల్ని కండ పోయిన చోటికి కాస్త పైన కోసి వేరు చోట అతికించండి. మిగిలేది అదే.

మాంటిపోరా పళ్ళెం అంచున, అక్రోపోరా కొసన సన్నగా తెల్లగా ఉంటే మాత్రం భయపడొద్దు. అది కొత్త పెరుగుదల. తేడా తెలియాలంటే భూతద్దం పెట్టండి. పెరిగే అంచు మీద పలచటి చర్మం నిగనిగలాడుతుంది. కండ పోయిన చోట గూళ్ళ రేకులు పొడిగా, పదునుగా కనిపిస్తాయి, కొద్దిరోజుల్లో వాటి మీద పాచి పడుతుంది. అలాగే కొత్త ఫ్రాగ్ కొన్ని నెలల పాటు పైకి పెరగక, ముందు అడుగున జిగురు మీదుగా ప్లగ్ (ముక్కని అతికించే చిన్న దిమ్మ) మీదకి పాకుతుంది. అది చూసి ఎదగట్లేదని చోటు మార్చకండి. మార్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది.

లైట్ కోసం పార్ మీటర్ (పగడంలోని ఆల్గేకి పనికొచ్చే వెలుతురుని కొలిచేది) కొనక్కర్లేదు. ఊళ్ళో రీఫ్ క్లబ్ ఉంటే అద్దెకి దొరుకుతుంది. నేను అక్రోపోరాకి 200–300 పార్, మాంటిపోరా, బర్డ్స్‌నెస్ట్‌లకి 150–250, హ్యామర్, గోనియోపోరాలకి 80–150, ఫేవైటిస్, డిప్సాస్ట్రియాలకి 50–120 ఇస్తాను. మీది కిందే ఉంది కాబట్టి అక్రోపోరాని ఒకేసారి పైకెక్కించకండి. ఉన్నచోటే ఉంచి లైట్‌ని వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. ఫాస్ఫేట్‌ని సున్నా చేయాలని కూడా చూడొద్దు. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంటే పగడానికి తిండి ఉన్నట్టు. రెండూ సున్నాకి దిగితే రంగు వెలిసిపోతుంది, పైగా డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు బంకలా రాళ్ళని పట్టుకుంటాయి.

నీటి కదలిక విషయానికొస్తే, అక్రోపోరాకి నేరుగా ఒకేవైపు హోరు కాకుండా దిక్కులు మారుతూ గట్టిగా కావాలి. హ్యామర్ టెంటకిల్స్ ఊగాలి, వంగి రాయికి రాసుకోకూడదు.

హ్యామర్‌ని ముందు కాపాడండి

రాత్రి లైట్లు ఆరిన రెండు గంటలకి ఎర్ర కాగితం కట్టిన టార్చ్ లైట్‌తో చూడండి. పగలు అంగుళం కూడా లేని గెలాక్సియా నుంచి పారదర్శకంగా, చివర తెల్ల చుక్క ఉన్న దారాలు నీటి వాలుకి సాగి కనిపిస్తాయి. వాటిని స్వీపర్ టెంటకిల్స్ అంటారు. గెలాక్సియావి అడుగు దూరం దాకా కూడా వెళ్తాయి. మీ హ్యామర్‌కి దెబ్బ తగిలింది గెలాక్సియా వైపునే కావడానికి కారణం అదే. గెలాక్సియాని ట్యాంక్‌లో నీరు బయటికి పోయే చివరకి, అన్నిటికీ వాలులో, ఒంటరిగా పెట్టండి. హ్యామర్‌ని కదపకండి. దెబ్బతిన్న చోట గోధుమ రంగు జిగురులాంటిది పట్టిందేమో రోజూ చూడండి. పడితే పంపులు ఆపి సన్నటి గొట్టంతో పీల్చేసి, ఆ తలని కాడతో సహా కోసి తీసేయడం ఉత్తమం. ఆ జిగురు నీళ్ళలో చెదిరితే పక్క తలలకీ అంటుతుంది. ఫేవైటిస్‌కీ రాత్రుళ్ళు స్వీపర్లు వస్తాయి, దాని చుట్టూ కూడా జానెడు ఖాళీ ఉంచండి. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒకదాన్నొకటి తగిలినా సాధారణంగా ఏమీ కాదు. టార్చ్ వస్తే మాత్రం విడిగా పెట్టాలి.

ఇంకొకరి ట్యాంక్ నుంచి వచ్చిన ముక్కలు కాబట్టి పురుగుల సంగతి కూడా చూడాలి. అక్రోపోరా మీద చిన్న గుండ్రటి పాలిపోయిన మచ్చలు, అడుగున కండ లేని రాయి మీద గోధుమ రంగు గుడ్ల పొర కనిపిస్తే అవి అక్రోపోరాని తినే ఫ్లాట్‌వార్మ్స్. మాంటిపోరా అడుగు అంచు తెల్లగా కొరికినట్టుంటే న్యూడిబ్రాంక్స్ (గుల్ల లేని చిన్న సముద్రపు నత్తలు). డిప్ (మందు నీళ్ళలో ముంచడం) పురుగుని చంపుతుంది, గుడ్డుని చంపదు. అందుకే వారానికోసారి చొప్పున కొన్ని వారాలు డిప్ చేయాలి, గుడ్లున్న రాయి భాగాన్ని, పాత ప్లగ్‌ని కోసి పారేయాలి. ఎనిమిదిలో అక్రోపోరా, మాంటిపోరాలకి ఇప్పటికైనా చేయండి.

ఇండియా ప్రయాణం

డిసెంబర్‌లో మూడు వారాలు ఊరెళ్తున్నానని చివర్లో రాశారు, మనవాళ్ళ ట్యాంకులు ఎక్కువగా పోయేది ఆ నెలలోనే. బయల్దేరే ముందు చివరి రెండు వారాల్లో కొత్తది ఏదీ పెట్టకండి, లైట్ మార్చకండి, కొత్త మందు మొదలుపెట్టకండి. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్ళని దానంతటదే నింపేది) డబ్బాలో ఆర్‌ఓ–డీఐ నీళ్ళు మాత్రమే పెట్టండి. సున్నపు తేట దానికి కలపొద్దు, సెన్సర్ ఇరుక్కుంటే చూసుకునేవాళ్ళు ఉండరు. సోడా, కాల్షియం డోసింగ్ పంపుల్ని వెళ్ళడానికి కనీసం నెల ముందు నుంచే నడిపి, ఆల్కలినిటీ రోజూ ఒకే అంకె చూపిస్తోందని నమ్మకం కుదిరాక వెళ్ళండి. పక్కింటివాళ్ళకి చేప తిండి రోజువారీగా పొట్లాలు కట్టి ఇవ్వండి, డబ్బా ఇవ్వకండి. నీళ్ళు కిందపడితే ఏ స్విచ్ ఆపాలో కాగితం మీద రాసి ట్యాంక్‌కి అతికించండి.

కరెంటు పోతే ముందు ముంచుకొచ్చేది ఆక్సిజన్ లేమి, చలి ఆ తర్వాత. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు డాలస్‌లో మేం ట్యాంకులకి బొంతలు చుట్టి, బ్యాటరీ ఎయిర్ పంపులతో నెట్టుకొచ్చాం. నాకు తెలిసినవాళ్ళలో నీళ్ళు చల్లబడినా గాలి ఆడిన ట్యాంకులు తేరుకున్నాయి. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ పంపు ఒకటి పెట్టి వెళ్ళండి.

ఇది చదివే హైదరాబాద్, విశాఖ మిత్రులకి ఒక గట్టి మాట. భారతదేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నుంచి వచ్చినదేదైనా కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. బీచ్‌లో అమ్మే ఎండిన పగడం ముక్కకీ ఇది వర్తిస్తుంది. "లైవ్ రాక్" పేరుతో ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి. ఇక రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం మొత్తం సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం కిందికి వస్తుంది, కాబట్టి అమెరికా నుంచి ఒక ఫ్రాగ్‌ని డబ్బాలో పెట్టి బంధువుకి తీసుకెళ్ళాలన్న ఆలోచన కూడా వద్దు. అమెరికాలో ఉన్న మీకైతే ట్యాంకుల్లో పెంచి కోసిన ముక్కలు కావలసినన్ని దొరుకుతాయి, సముద్రంలోంచి తీసినవాటి కంటే అవే ఇంటి ట్యాంక్‌లో బాగా నిలదొక్కుకుంటాయి కూడా.

ఇప్పుడు చేయాల్సినవి: ఈ రాత్రే గెలాక్సియాని దూరం జరపండి. రేపటి నుంచి వారం రోజుల పాటు రోజుకి 3 గ్రాముల సోడా రెండు విడతలుగా, దాని జోడీ కాల్షియం వేస్తూ, ప్రతిరోజూ ఒకే గంటకి ఆల్కలినిటీ చూసి రాసుకోండి. ఇప్పుడు 6.4 దగ్గర ఉంటే కంగారుగా 9కి లాగకండి. ఖర్చుకి సరిపడా వేస్తూనే దానిపైన రోజుకి 0.3 చొప్పున 8 దాకా ఎక్కనివ్వండి, అంటే ఆ కొద్దిరోజులు ఇంకో 2 గ్రాముల పైన సోడా ఎక్కువ పడుతుంది. ఆ ఏడు అంకెలూ, పువ్వుల గుత్తి పాలిప్ ఒకటి తెల్ల లైట్‌లో దగ్గరగా తీసిన ఫోటో పెట్టండి. డోస్ ఎంత సవరించాలో లెక్క కట్టి చెబుతాను, ఆ ఎనిమిదోదాని పేరు కూడా తేల్చేద్దాం.